గరగరకీ కరకరకీ నడుమ

ఇంట్లో మిక్సీ చేసే చప్పుడుకి పేరు పెట్టే సంప్రదాయం ఎప్పుడు మొదలైందన్న విషయంలో చరిత్రకారులు రెండు వర్గాలుగా చీలిపోయారు. తల్లి వర్గం వాదన ప్రకారం, పిల్లకి ఇంకా నోరు తిరగని కాలంలోనే, వంటగది గడప మీద కూర్చుని, "నిన్న బుర్ర్, ఇవాళ గర్ర్" అని ప్రకటించింది. మర్నాడే మిక్సీ ప్రాణం విడిచింది. తండ్రి వర్గం దీన్ని తీవ్రంగా ఖండిస్తుంది. వారి లెక్కలో తొలి ప్రకటన హాల్లో సీలింగు ఫ్యాను గురించి. ఫ్యాను టకటకమంటోందని ఆయన ఎవరికో ఫోనులో చెబుతుంటే, "టకటక కాదు నాన్నా, టిక్కుటిక్కు" అని పిల్ల సవరించిందనీ, స్టూలెక్కి చూస్తే రెక్కకి కట్టిన పాత బుడగ దారం టిక్కుటిక్కుమని తగులుతోందనీ ఆయన సాక్ష్యం. ఈ రెండు వర్గాలూ భోజనాల బల్ల దగ్గర ఎన్నోసార్లు సమావేశమయ్యాయి గానీ ఉమ్మడి ప్రకటన ఏదీ వెలువడలేదు.

తర్వాతి చరిత్రలో వివాదం లేదు. ఆ ఇంట్లో ఏ వస్తువూ ఊరికే "చెడిపోయింది" అనిపించుకునే హక్కు కోల్పోయింది. ఫ్రిజ్ గుయ్యిమంటోందా, జుయ్యిమంటోందా తేల్చాలి. వాషింగ్ మిషన్ దబదబ నుంచి దడదడలోకి ఎప్పుడు దిగిందో వాంగ్మూలం ఇవ్వాలి. వచ్చిన చుట్టాలు కూడా ఈ చట్టం పరిధిలోకి వచ్చేవారు. "అంకుల్, మీ బండి ఆగేటప్పుడు కీచుమంటోంది. మొన్న వచ్చినప్పుడు కిర్రుమంది," అని పిల్ల గుమ్మంలోనే చెప్పేది. కొందరు బండి బాగు చేయించుకున్నారు. కొందరు నడిచి రావడం మొదలుపెట్టారు. ఎక్కువమంది రావడం మానేశారు.

ఆ విధంగా పిల్లకి కిర్రు అన్న పేరు స్థిరపడింది. కాలేజీ హాజరుపట్టీలో ఆమెకి ఇంకో పేరుంది. అది పిలిస్తే ఆమె కూడా ఒక్క క్షణం ఆలస్యంగా పలికేది.

తండ్రి బీమా ఆఫీసులో క్లెయిముల విభాగం. లోకంలో ఉన్న ప్రతి యంత్రమూ ఎవరో ఒకరి చేయి విరగ్గొట్టడానికే పుట్టిందని ఆయన నమ్మకం. ఆయన చూసే కాగితాలు అలాంటివి మరి. తల్లి ఆసుపత్రిలో నర్సు. విరిగిన చేతుల్ని భర్త కంటే ముందే చూసేది కాబట్టి ఆవిడకి అంత భయం లేదు.

ఇంజినీరింగులో ఏ బ్రాంచి తీసుకోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు తండ్రి తన తమ్ముణ్ణి రప్పించాడు. బాబాయిది సాఫ్ట్‌వేర్. మాట్లాడేటప్పుడు కూడా మధ్యమధ్యలో ఫోను తెర తుడుచుకునే మనిషి.

"కళ్లు మూసుకుని కంప్యూటర్ సైన్సు తీసుకో కిర్రూ. ఏసీ గదిలో కూర్చుని పని," అన్నాడు బాబాయి.

"ఏసీ చప్పుడు చేస్తే?"

"చేస్తే మెకానిక్కుని పిలుస్తారు."

"ఆ వచ్చేది నేనవుతా బాబాయ్."

"దానికి నాలుగేళ్ల చదువెందుకే? రెంచీ చాలదూ?"

"చప్పుడయ్యాక వెళ్లడానికి రెంచీ చాలు. కాకముందే వెళ్లడానికే చదువు."

బాబాయి అన్నగారి వైపు చూశాడు. అన్నగారు తన వాదన వినిపించారు. "కంప్యూటరు మీద పడి చేయి పోయిందని ఇంతవరకు మా కౌంటరుకి ఒక్కడూ రాలేదమ్మా."

"మెడ పోయిందని మా ఆసుపత్రికి రోజూ వస్తున్నారు," అంది తల్లి, గుడ్డలు మడతపెడుతూ. సభ ముగిసింది. కిర్రు మెకానికల్‌లో చేరింది.

చేరాక తెలిసిందేమంటే, మెకానికల్ ఇంజినీరింగు చదువంతా దాదాపు నిశ్శబ్దంగా జరుగుతుంది. పుస్తకంలో బేరింగు బొమ్మ ఉంటుంది, అది చప్పుడు చేయదు. పళ్లచక్రాల మీద లెక్క ఉంటుంది, జవాబు వస్తుంది, చక్రం తిరగదు. లాబులో ఇంజన్ ఒకటి ఉంది గానీ దాన్ని నడిపితే పక్క క్లాసు వాళ్లు ఫిర్యాదు చేస్తారని ఎప్పుడో ఆపేశారు. దాని మీద తుడిచే గుడ్డ ఆరేసి ఉండేది. రెండో ఏట ఒక ఫ్యాక్టరీ నుంచి వచ్చినాయన ప్రసంగం ఇచ్చాడు. పెద్ద మిల్లుల్లో యంత్రాల ఆరోగ్యం చూడటానికే ఒక విభాగం ఉంటుందనీ, వణుకు, వేడి, చప్పుడు రోజూ కనిపెట్టి ఫలానాది పోబోతోందని ముందుగా చెప్పడమే అక్కడి ఇంజినీరు పని అనీ ఆయన అన్నాడు. మిగతా క్లాసు కిటికీ వైపు చూస్తోంది. కిర్రు మాత్రం, పోయిన వస్తువు దొరికినదానిలా, ముందుకు వంగి కూర్చుంది. ఆ పని లోకంలో ఉందని ఆమెకి అంతవరకు ఎవరూ చెప్పలేదు. ఉందని తెలిశాక ఇక వేరే ఆలోచన పెట్టుకోలేదు. చేస్తే ఆ ఉద్యోగం, లేకపోతే దాని కోసం ప్రయత్నం.

ఊరి చివర కాగితం మిల్లు ఉంది. మూడో ఏడు అయ్యాక వేసవి శిక్షణకి అక్కడికే వెళ్లింది. మిల్లు మహా గది ఈ కొస నుంచి చూస్తే ఆ కొస ఆవిరిలో కలిసిపోయేది. ఒక చివర నీళ్లలో నానిన దూదిలా గుజ్జు. ఇంకో చివర తెల్లటి కాగితం. మధ్యలో వేడి రోలర్ల మీదుగా పరుగెత్తే తడి కాగితం ఒక్కచోట తెగిందంటే మొత్తం మిల్లు ఆగాలి. అందరి చెవుల్లోనూ బిరడాలు. ఇంజినీర్లు, ఫిట్టర్లు యంత్రాల్ని వినడానికి పొడుగాటి స్క్రూడ్రైవరు వాడేవారు. మొన బేరింగు మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి పెడితే, లోపలి సంగతులన్నీ పుర్రెలోకి వచ్చేస్తాయి. కిర్రుకి ఆ ఏర్పాటు చూడగానే ఇన్నాళ్లూ తన పుర్రె వృథాగా పడి ఉందనిపించింది.

ఫోర్‌మన్ ఆమెకి ఇవన్నీ చూపించాడు. ఆయన మీసం మీద ఎప్పుడూ కాగితపు నూగు ఉండేది. ఆ మీసం నెరిసిందో, నూగు పట్టిందో సెలవురోజున గానీ ఇంట్లోవాళ్లకి తెలిసేది కాదట. ఆయన ఒకే ఒక షరతు పెట్టాడు. "ఏది ముట్టుకోవాలన్నా నన్నడుగు అమ్మాయ్. ఏదైనా తేడాగా వినిపిస్తే మాత్రం అడక్కు. వెంటనే ఇంటర్‌కమ్‌లో చెప్పెయ్."

శిక్షణ ముగుస్తుందనగా తేడాగా వినిపించింది. గుజ్జు తోడే రెండో పంపు మీద స్క్రూడ్రైవరు ఆనించి విన్నది. సందేహం లేదు. బేరింగులో గ్రీజు ఎండిపోయి ఉక్కు మీద ఉక్కు రాసుకుంటోంది. కిర్రు ఇంటర్‌కమ్ అందుకుని, జీవితమంతా ఎదురుచూసిన వాక్యం పలికింది: "రెండో పంపు గరగరమంటోంది!"

"గరగరా? సరే, చూసుకుంటా," అన్నాడు ఫోర్‌మన్.

చూసుకున్నాడు కూడా. గుజ్జు తొట్టిలో మట్టం పెంచాడు. పంపుకి వచ్చే వాల్వు పూర్తిగా తెరిపించాడు. పంపుని నిక్షేపంగా తిరగనిచ్చాడు. కాసేపటికి బేరింగు కాలి బిగుసుకుపోయింది, పంపు నిలబడిపోయింది, కాగితం తెగింది, మిల్లు ఆగింది. మహా గది అంతా అకస్మాత్తుగా అంత నిశ్శబ్దమయ్యేసరికి, ఎక్కడో ఒకాయన ఇంకా అలవాటుగా అరుస్తూనే పక్కవాడితో చెబుతున్న సొంత విషయం అందరికీ వినపడింది.

"బేరింగు పోతోందని చెప్పావా నువ్వు?" అన్నాడు ఫోర్‌మన్, విప్పిన పంపు ముందు.

"చెప్పాను కదండీ! గరగర అన్నాను!"

"గరగర అంటే పంపుకి గొంతు తడారిందని అమ్మాయ్! గుజ్జు అందక గాలి మింగుతోందని. గొంతు గరగరలాడదూ? బేరింగు అయితే కరకర అనాలి!"

"మా ఇంట్లో కరకరలాడేవన్నీ తినేవే!"

పరుషాల స్థానంలో సరళాలు రావడం తెలుగు వ్యాకరణంలో తరచుగా జరిగే సంగతే. బడిలో దాని మీద రెండు మార్కుల ప్రశ్న వస్తుంది. ఆ కారణంగా కాగితం మిల్లు సాయంత్రం దాకా ఆగిపోయిన సందర్భం మాత్రం ఏ వ్యాకరణవేత్తా నమోదు చేసినట్టు లేదు.

మెయింటెనెన్స్ మేనేజరు పిలిపించాడు. బక్కపలచని మనిషి, కోపం పెరిగే కొద్దీ మర్యాద పెరిగేది. ఆ రోజు ఆయన మర్యాద చూసి ఫోర్‌మన్ గోడకి ఆనుకున్నాడు.

"తమరేమన్నారండీ?"

"గరగర అన్నానండీ."

"వారేం విన్నారండీ?"

"గరగరే విన్నానండీ," అన్నాడు ఫోర్‌మన్.

"చాలా సంతోషం. చెప్పింది సరిగ్గా చెప్పారు, విన్నది సరిగ్గా విన్నారు, మిల్లు ఆగిపోయింది. అమ్మాయిగారూ, ఇకమీదట ఏ యంత్రం గురించైనా తమరికి ఏదైనా చెప్పాలనిపిస్తే, దయచేసి చెప్పకండి. వచ్చి వేలు పెట్టి చూపించండి."

ఇంటికొచ్చి కిర్రు వంటగది గడప మీద కూర్చుంది. మిక్సీ తిరిగింది, వ్యాఖ్య రాలేదు. కంగారుపడి తండ్రి నుదురు మీద చేయి వేసి చూశాడు. తల్లి డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే సంగతంతా లాగేసింది.

"దీనికేనా? మా వార్డులో రోజూ ఇదే," అంది ఆవిడ. "నొప్పి అన్నారని మందిచ్చేస్తామా? సలుపా, పోటా, తీపా, గుంజుతోందా, లాగుతోందా అని అడుగుతాం. ఒకాయన 'పీకుతోంది, పీకుతోంది' అని మూలుగుతుంటే డాక్టరు నరాల మందు రాసేశాడు. తీరా చూస్తే సెలైన్ సూదికి అంటించిన ప్లాస్టరు ఆయన చేతి వెంట్రుకలు పీకుతోంది."

"మరి ఏం చేస్తారే అమ్మా?"

"ఏముంది, ఆయన మాట మనం నేర్చుకోవాలి, లేదా మన మాట ఆయనకి నేర్పాలి. రెండూ చేయకుండా మందిస్తే అది వైద్యం కాదు, లాటరీ."

కిర్రు మర్నాడు మిల్లుకి వెళ్లి, మేనేజరు గది బయట నిలబడి, లోపలికి పిలిచేదాకా కదల్లేదు. మిల్లులో చప్పుళ్లు రికార్డు చేసుకుంటాననీ, ఏ చప్పుడుని ఏ మాట అనాలో పనివాళ్లందరి చేతా ఒప్పిస్తాననీ, ప్రతి మాట వెనకా కొలత పెడతాననీ, అదే తన ఆఖరి ఏటి ప్రాజెక్టనీ చెప్పింది.

"ఈ ప్రాజెక్టు బాగా వస్తే నాకు ఇక్కడ ఉద్యోగం ఇస్తారా సార్?" అని కూడా అడిగేసింది.

"ఏడాది చివర మా విభాగంలోకి ఒక్కరిని తీసుకుంటాం. అప్పుడు చూస్తాం," అన్నాడాయన. మర్యాద తగ్గింది. అది శుభసూచకమని బయట ఫోర్‌మన్ భాష్యం చెప్పాడు.

కథ ఇక్కడ సాఫీగా సాగాల్సింది. సాగకపోవడానికి కారణం, ఆఖరి ఏడు మొదలవుతూనే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ కాలేజీకి వచ్చి, లాజిక్ పరీక్ష పెట్టి, అందరి కంటే ముందు కిర్రుని ఎంపిక చేయడం. ఆమె ఆ పరీక్ష రాసింది ఎందుకంటే ఆ హాల్లో ప్రొజెక్టరు వింతగా సుయ్యిమంటుంటే దగ్గరగా కూర్చుని వినడానికి. ఈ సంగతి ఎవరూ నమ్మలేదు గనక చెప్పడం మానేసింది. కాలేజీ నియమం ఏమిటంటే, ఒక ఉద్యోగం ఒప్పుకున్నవాళ్లు ఇంకోదానికి వెళ్లకూడదు. వద్దన్నవాళ్లని కాలేజీ ఇంకే కంపెనీకీ పంపదు. వారాంతంలోపు అవునో కాదో చెప్పాలి.

బాబాయి పిలవకుండానే వచ్చాడు, స్వీట్ల డబ్బాతో.

"మబ్బుల్లో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకుంటుందట అన్నయ్యా, విన్నావా?"

"ముంత కారుతోంది బాబాయ్. నాకు వినిపిస్తోంది," అంది కిర్రు.

"ఏం వినిపిస్తోందే?"

"టప్... టప్... అని."

తల్లి నవ్వు ఆపుకోవడానికి వంటగదిలోకి వెళ్లింది. తండ్రి నవ్వలేదు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, క్లెయిము విచారించే గొంతుతో అడిగాడు.

"మిల్లువాళ్లు తీసుకుంటామన్నారా?"

"లేదు. చూస్తామన్నారు."

"మా ఆఫీసులో చూస్తామంటే లేదని అర్థం తల్లీ."

"మిల్లులో కూడా అదే అర్థమో కాదో కనుక్కోవాలిగా నాన్నా. మాటకి చోటుని బట్టి అర్థం మారుతుందని నాకు ఈ మధ్యే గట్టిగా తెలిసింది."

"తీసుకోకపోతే?"

ఆ ప్రశ్నకి ఆమె దగ్గర చమత్కారం లేదు. "తీసుకోకపోతే ఇంట్లో కూర్చుంటా. ఇంకో మిల్లు గేటు దగ్గరికి వెళ్తా. కాలేజీ పంపకపోతే నేనే వెళ్తా."

"అదేం మొండితనమే! ఆ సాఫ్ట్‌వేర్ పని నీకు రాదని భయమా?" అన్నాడు బాబాయి.

"వస్తుందనే భయం బాబాయ్. బాగానే చేస్తాను. బాగా చేస్తే వాళ్లు వదలరు. కొన్నాళ్లకి నేనూ వదలను. అప్పుడు ఏ చప్పుడు విన్నా, మెకానిక్కుని పిలవండి అంటాను."

బాబాయి స్వీట్ల డబ్బా వైపు చూశాడు. తెరిచేశాక వెనక్కి తీసుకెళ్లడం బాగుండదు. తండ్రి లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. అటు తిరిగే, "కాదని రాసేటప్పుడు మర్యాదగా రాయి," అన్నాడు. బీమా ఆఫీసులో అంతకు మించిన ఆశీర్వాదం లేదు.

ముంత ఒలికిపోయింది. ఇక మిగిలింది మబ్బు.

ప్రాజెక్టుకి కాలేజీలో మార్గదర్శి మ్యూట్ సారు. ఆయన గొంతు మొదటి బెంచీ దాటదు. పాఠం అర్థం కావాలంటే ముందు కూర్చోవాలి. ముందు కూర్చుంటే ప్రశ్న అడుగుతాడు. విద్యార్థులు ఈ రెండు కష్టాల్లో ఏదో ఒకటి ఎంచుకునేవారు. కిర్రు ఎప్పుడూ ముందే కూర్చునేది కాబట్టి ఆయన ఏమన్నాడో ఆమెకి స్పష్టంగా వినపడింది.

"ఇది ఇంజినీరింగా, నిఘంటువా?"

"పంపు విరగ్గొట్టిన నిఘంటువు సార్."

"బుర్రుమనడాన్ని ఏ కొలమానంలో కొలుస్తావు?"

"వణుకు కొలిచే మీటరుంది కదా సార్ లాబులో, బీరువాలో. తాళం మీ దగ్గరుంది."

ఆయన తాళం ఇవ్వడానికి నెల పట్టింది. ఇచ్చాక మాత్రం ఊరుకోలేదు. మాట ఒక్కటే తెస్తే కుదరదు, ప్రతి మాటకీ మీటరు ఎంత చూపిందో తేవాలన్నాడు, తెచ్చింది. పంపు కొత్తగా ఉన్నప్పుడూ, అరిగాకా, రెండుసార్లూ తేవాలన్నాడు, తెచ్చింది. ఆయన వినపడకుండా మెచ్చుకున్నాడని పక్కనున్న స్నేహితురాలు చెప్పింది. కిర్రుకి వినపడింది.

మిల్లులో పని అంత సులువుగా జరగలేదు. యంత్రం చప్పుడు ఫోనులో రికార్డు చేయడం తేలిక. దానికి పేరు ఒప్పించడం సంధి ఒప్పందాల వ్యవహారం. క్యాంటీన్‌లో టీ సమయాన ఆమె బల్ల చివర కూర్చుని ఒక్కో చప్పుడూ వినిపించేది. ఫిట్టర్లూ, ఆపరేటర్లూ గ్లాసులు పక్కన పెట్టి, తలలు దగ్గరికి చేర్చేవారు.

"ఇది బుర్రు."

"బుర్రేమిట్రా, పిట్ట ఎగిరిందా? ఇది గుర్రు."

"గుర్రు కుక్కది. మోటారుది హుం."

"హుం మా ఆవిడది. జీతం రోజున."

"అన్నా, జోకులు తర్వాత. మోటారు బోల్టు వదులైతే మీరేమంటారు?" అని కిర్రు పట్టు వదలకుండా అడిగేది.

"లడలడ."

"అందరూ లడలడేనా?"

"నేను గడగడ అంటా," అన్నాడు పొడుగాటి ఆపరేటరు.

"నీకు చలిజ్వరం వచ్చినప్పుడు గడగడ. బోల్టుకి లడలడ. రాసుకో అమ్మాయ్," అని ఫోర్‌మన్ తీర్పు ఇచ్చేవాడు. పొడుగాయన అలిగి, గడగడని కనీసం ఇంకెక్కడైనా వాడాలని పట్టుబడితే, పళ్లచక్రంలో పన్ను విరిగినప్పటి చప్పుడు ఆయన వాటాకి కేటాయించారు. ఆయన ఆ రోజు నుంచీ ఆ చక్రాన్ని ప్రత్యేకంగా వెళ్లి వినేవాడు.

ఒకసారి ఒక రికార్డు మీద క్యాంటీన్ రెండుగా చీలింది. గొరగొర అని కొందరు, గుడగుడ అని కొందరు. బాయిలరు పంపు అనీ, గాలి పంపు అనీ పందేలు కూడా నడిచాయి. ఆఖరికి మూల కూర్చున్న స్టోర్సు ఆయన వచ్చి శ్రద్ధగా విని, "ఇది మన వెల్డరు గురక. విశ్రాంతి గది పక్క నుంచి తీశావా అమ్మా?" అన్నాడు. వెల్డరు ఆ రికార్డు తన భార్యకి పంపవద్దని కిర్రుని చాటుగా బతిమాలుకున్నాడు.

కరకర విషయం మాత్రం ఆమె ఓటింగుకి పెట్టలేదు. "బేరింగు అయితే కరకర. నాది తప్పు కాదు, మీదీ తప్పు కాదు, కానీ ఇక్కడ ఎక్కువమంది అనేది అదే కాబట్టి నేను మారతాను," అని తానే చెప్పింది. అది ఆమెకి సులువు కాలేదు. పుట్టినప్పటి నుంచీ గరగర అన్నది పిల్ల. కొన్ని వారాలపాటు ఇంట్లో మిక్సీ పక్కన నిలబడి, "కరకర, కరకర" అని అభ్యాసం చేస్తుంటే తండ్రి ఆకలేస్తోందన్నాడు.

చలికాలం వెళ్లేసరికి మిల్లు ఇంటర్‌కమ్‌లో మాటలు మారాయి. ఎవరైనా చప్పుడు గురించి చెబితే అవతలివాడు ఆ రికార్డు పెట్టి వినిపించేవాడు: ఇదేనా? ఇదే అంటేనే చేయి కదిపేవాళ్లు. ఈ మార్పుని ఎవరూ ఆమెకి ఆపాదించలేదు. ఎప్పటి నుంచో అలాగే చేస్తున్నట్టు చేశారు. ప్రాజెక్టు వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి, "ఈ పదాలకి శాస్త్రీయత ఏముంది?" అని అడిగితే, మ్యూట్ సారు లేచి నిలబడి ఆఖరి బెంచీ దాకా వినపడేలా, "పక్కనే అంకెలున్నాయి, చూసుకోండి," అన్నాడు. గది నివ్వెరపోయింది. ఆయన కూడా.

మార్కులు వచ్చాయి గానీ మార్కులు ఉద్యోగం కాదు. కాలేజీ ఆమెని ఎక్కడికీ పంపలేదు. స్నేహితులు ఒక్కొక్కరే ఊళ్లు పంచుకుని వెళ్లిపోయారు. చుట్టాలు మళ్లీ రావడం మొదలుపెట్టారు, ఈసారి బండి చప్పుడు గురించి కాకుండా, "ఇంకా ఏం రాలేదా?" అని అడగడానికి. కిర్రు వాళ్లకి నీళ్లిచ్చి, మిల్లు ఫోను కోసం చెవి పెట్టుకుని ఉండేది. ఇంకో రెండు ఫ్యాక్టరీల చిరునామాలు కనుక్కుని, బస్సు దారులు కూడా తెలుసుకుని పెట్టింది. ఎదురుచూడటం ఆమెకి చేతకాదు, చేయడమే చేతనవును.

ఆఖరికి మిల్లు పిలిచింది, ఇంటర్వ్యూకి. వరండాలో ఇంకా కొందరు కుర్రాళ్లున్నారు, పెద్ద కాలేజీల వాళ్లు, ఇస్త్రీ మడత నలగకుండా నిలబడే కూర్చుంటున్నట్టున్నారు. కిర్రు వంతు వచ్చింది. లోపల మేనేజరు, ఆయన పక్కన నోట్లో నాలుక లేనట్టు కూర్చున్న హెచ్చార్ ఆవిడ.

"తమరు వచ్చిన వేసవిలో మా మిల్లు ఒక రోజు ఆగిందండీ," అన్నాడు మేనేజరు. మర్యాద పూర్తి స్థాయిలో ఉంది.

"ఆగింది సార్."

"తమరు లేని వేసవుల్లో ఆగలేదు."

"ఆగింది సార్. అంతకు ముందు ఏడాది గాలి పంపు పోయి ఆగింది. ఫోర్‌మన్ గారు చెప్పారు. అప్పుడు చప్పుడు విన్నవాళ్లున్నారు, ఏమని చెప్పాలో తెలియక చెప్పలేదు. నేను చెప్పాను. తప్పు మాట చెప్పాను."

"అదేమైనా గొప్పా?"

"గొప్ప కాదు సార్. కానీ చెప్పకపోతే దిద్దుకోవడానికి ఏమీ ఉండదు. చెప్పాను కాబట్టి ఏడాదంతా దిద్దుకున్నాను."

"వరండాలో ఉన్నవాళ్లు తమరి కంటే ఎక్కువ మార్కులవాళ్లండీ. వాళ్లని కాదని తమరినే ఎందుకు..."

బల్ల మీద ఫోను మోగింది. ఆయన చిరాగ్గా ఎత్తాడు. అవతల ఎవరో అరుస్తున్నారు, వెనక మిల్లు హోరు. "ఏమిటి? నాలుగో పంపా? సరిగ్గా చెప్పవయ్యా. గరగరా, కరకరా?" అన్నాడు మేనేజరు. "వినిపించు... కరకరే. ఆపెయ్. స్పేరు పంపు మీదకి మార్చెయ్. వాల్వు ముట్టుకోకు."

ఫోను పెట్టేశాక ఆయన చేయి ఫోను మీదే ఉండిపోయింది. హెచ్చార్ ఆవిడ ఆయన ముఖం వంకా, కిర్రు ముఖం వంకా మార్చి మార్చి చూసింది. కిర్రు నవ్వలేదు. నవ్వకుండా ఉండటం నాలుగేళ్ల చదువులో అన్నిటికన్నా కష్టమైన పరీక్ష అని తర్వాత తల్లికి చెప్పింది.

"మాటకి అలవాటు పడిపోతాం," అన్నాడు మేనేజరు ఎవరితోనో అన్నట్టు. తర్వాత, ఏ 'అండీ' లేకుండా, "ఎప్పుడు చేరగలవమ్మాయ్?" అన్నాడు.

నియామకపు ఉత్తరం వచ్చిన రోజు తండ్రి దాన్ని రెండుసార్లు చదివి, మూడోసారి వెనక్కి తిప్పి చూశాడు, చిన్న అక్షరాల్లో షరతులేమైనా ఉన్నాయేమోనని. తర్వాత కూతురి పేరు మీద ప్రమాద బీమా కట్టేశాడు. బాబాయి ఫోను చేసి, "నీ చప్పుళ్లకి నేనొక యాప్ రాసిపెడతానే," అన్నాడు; ఆమె, "రాయి బాబాయ్, నీకు జీతం ఇప్పిస్తా," అంది. తల్లి ఆమె జుట్టుని యంత్రాల్లో చిక్కుకోకుండా గట్టిగా అల్లి, పిన్నులు గుచ్చి, ఆసుపత్రిలో కట్టు కట్టినంత శ్రద్ధగా సరిచూసింది. ఫోర్‌మన్ ముందురోజే కబురు పెట్టాడు: సొంత స్క్రూడ్రైవరు తెచ్చుకో, అరువు చెవులు ఎన్నాళ్లు?

తెల్లారి కిర్రు కొత్త బూట్లతో మిల్లు గేటు దాటింది. గుర్తింపు కార్డు మెడలో, పొడుగాటి స్క్రూడ్రైవరు జేబులో, చెవి బిరడాలు అరచేతిలో. మిక్సీ గడప నుంచి బయల్దేరిన ప్రయాణం ఇక్కడికి చేరింది. ఫోర్‌మన్ ఎదురొచ్చి, మీసం దువ్వుకుని, మహా గది తలుపు తనే లాగి తెరిచాడు. ఆమె గడప మీద ఆగి, కళ్లు మూసుకుని, వినడానికి సిద్ధపడింది.

ఏటా జరిగే మరమ్మతుల కోసం ఆ వారమంతా మిల్లుని ఆపేసి ఉంచారు.